హైదరాబాదు రాష్ట్ర శాసనసభ (1952–1956): దాని కూర్పు, దాని ఎన్నిక, మన సంఘముల స్థానము

ఎన్నికలు దగ్గరపడినప్పుడెల్లా మన పాస్టర్ల కూడికలలో ఒక మాట తప్పక వినబడును. పూర్వము క్రైస్తవులకు చట్టసభలో ప్రత్యేకముగా స్థానములుండెడివనియు, స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఎవరో వాటిని మన చేతిలోనుండి లాగివేసిరనియు ఆ మాట సారాంశము. శివ్వంపేటలో, నర్సాపూర్‌లో, తూప్రాన్‌లో ఈ మాటను మేము అనేక పర్యాయములు వినియున్నాము. సేవ ఆరంభించిన తొలి సంవత్సరములలో మేము కూడ దీనిని పలికినవారమే అని ఒప్పుకొనుచున్నాము. ఒక కూడికలో ఒక వేదాంత విద్యార్థి లేచి, "అయ్యగారూ, మెదక్‌లో ఆ సీటు ఏది? అందులో గెలిచినది ఎవరు?" అని అడిగినప్పుడు మా యొద్ద జవాబు లేకపోయెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నవలన పుట్టినది.

జవాబును ముందే చెప్పివేయుట మంచిది. ఆ స్థానములు మద్రాసు రాజధానిలో ఉండెడివి. మెదక్ మద్రాసులో లేదు. గుంటూరు, కృష్ణా క్రైస్తవుల చరిత్రను మనము మన చరిత్రగా చెప్పుకొనుచున్నాము. మన తాతలు నిజాము ప్రభువు ప్రజలు. వారు సామాన్య ప్రజలుగా, పురుషులును స్త్రీలును, చదువుకొన్నవారును చదువుకొననివారును, తొలిసారి ఓటు వేసి ఎన్నుకొన్న చట్టసభ 1952 నాటి హైదరాబాదు రాష్ట్ర శాసనసభ. అది నాలుగున్నర సంవత్సరములు మాత్రమే జీవించినది. రాష్ట్రమే లేకుండ పోయినందున దానిని నేడు జ్ఞాపకము చేసికొనువారు తక్కువ. అయినను మన సంఘములకు ఆ ఎన్నికలో తెరువబడిన ద్వారమేది, మూయబడిన ద్వారమేది అని తెలిసికొననిదే మన ప్రస్తుత వాదములు కూడ సరిగా నిలువవని మా అభిప్రాయము.

మద్రాసులో ఉండినది

1919 చట్టము ప్రకారము ఏర్పడిన మద్రాసు శాసన మండలిలో 98 మంది ఎన్నికైన సభ్యులుండిరి. వారిలో 13 మంది ముస్లిములు, 5గురు భారతీయ క్రైస్తవులు, ఐరోపావారికి 1, ఆంగ్లో-ఇండియనులకు 1. మిగిలినవి సాధారణ స్థానములు, జమీందారులకు, వర్తకులకు, విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన ప్రత్యేక స్థానములు. అంటరానివారని పిలువబడిన కులములకు ఎన్నిక లేదు; వారి తరపున 5గురిని ప్రభుత్వమే నియమించెడిది. 1935 చట్టము వచ్చినప్పుడు సభ పెద్దదైనది. క్రింది సభలో మొత్తము 215 స్థానములు. అందులో 146 సాధారణ స్థానములు (వీటిలో 30 షెడ్యూల్డు కులములకు రిజర్వు), 28 ముస్లిములకు, 8 భారతీయ క్రైస్తవులకు. ఇవిగాక స్త్రీలకు కేటాయించిన 8 స్థానములలో ఒకటి క్రైస్తవ స్త్రీకి. పై సభలో క్రైస్తవులకు 3. ఇవి ప్రత్యేక నియోజకవర్గములు. అనగా క్రైస్తవ అభ్యర్థికి క్రైస్తవ ఓటరు మాత్రమే ఓటు వేయును. 1937 ఎన్నికలు ఈ పద్ధతిలో జరిగినవి. క్రింది సభలో కాంగ్రెసు 159 స్థానములు గెలిచి రాజగోపాలాచారి గారి మంత్రివర్గమును ఏర్పరచెను. ఆరంభమున ఆ మంత్రివర్గములో క్రైస్తవుడు లేడు, 1939లో సి. జె. వర్కీ గారు విద్యామంత్రిగా చేరిరి.

అంకెలు చూచినప్పుడు ఇది మన స్వర్ణయుగమువలె కనబడును. అయితే ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఓటు అందరికిని లేదు. భూమి శిస్తు, పన్ను, చదువు వంటి అర్హతలు కలవారికే ఓటు. తెలుగు డెల్టా గ్రామములలో సామూహికముగా బాప్తిస్మము పొందిన మాల, మాదిగ కుటుంబములలో శిస్తు కట్టు భూమి ఎందరికుండెను? క్రైస్తవ స్థానము క్రైస్తవులదే గాని, ఆ స్థానమునకు ఓటు వేసినది సంఘములో చదువు, ఆస్తి కలిగిన భాగము. పల్లె సంఘస్థుడు తన మతము పేరున ఉన్న నియోజకవర్గమునకు వెలుపలనే నిలిచియుండెను. మన సభలలో దీనిని ఎవరును చెప్పరు.

ఈ పద్ధతిని ఆనాటి క్రైస్తవ నాయకులందరు కోరలేదు. లండనులో 1930లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశమునకు వెళ్ళిన కె. టి. పాల్ గారు ప్రత్యేక నియోజకవర్గములకు వ్యతిరేకులు. 1931 నాటి రెండవ సమావేశమునకు వెళ్ళిన ఎస్. కె. దత్తా గారు కూడ అంతే. అదే సమావేశములో మద్రాసు రోమను కతోలికుడైన ఎ. టి. పన్నీర్‌సెల్వము గారు ప్రత్యేక స్థానములు కావలెనని నిలిచి, ఇతర అల్పసంఖ్యాకులతో కలిసి ఒప్పందములో చేరిరి. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని రామ్సే మాక్డొనాల్డు ప్రకటించిన తీర్పు రెండవ పక్షము కోరినదే ఇచ్చెను.

మనకు మరింత సమీపమైన సాక్షి దోర్నకల్ బిషప్ వి. యస్. అజరయ్య గారు. ఆయన నివాసము నిజాము రాజ్యములో. ఆయన డయోసిస్ సంఘములలో అధిక భాగము సరిహద్దు ఆవల మద్రాసు రాజధాని జిల్లాలలో. కనుక రెండు పద్ధతులను ఒకే బల్లమీద కూర్చుండి చూచిన మనిషి ఆయన. ప్రత్యేక నియోజకవర్గములవలన సంఘము ఒక రాజకీయ కులముగా మారుననియు, పొరుగువారితో గోడ కట్టుకొన్నవారు పొరుగువారికి సువార్త చెప్పలేరనియు ఆయన భయపడెను. లెక్కకొరకు బాప్తిస్మములు ఇచ్చుచున్నారను నింద రాకూడదనునది కూడ ఆయన చింత. ఆయన 1945 జనవరి 1న మరణించెను. ఆ పద్ధతి రద్దగుట చూడలేదు.

రద్దు జరిగిన విధము ఇది. 1947 ఆగస్టులో రాజ్యాంగ సభ అల్పసంఖ్యాకుల సలహా సంఘము ప్రత్యేక నియోజకవర్గములను త్రోసివేసి, ఉమ్మడి ఓటుతో రిజర్వు స్థానములను అంగీకరించెను. క్రైస్తవులకు కేంద్రములోను, మద్రాసు, బొంబాయి రాష్ట్రములలోను అట్టి స్థానములు ఇయ్యవలెననిరి. 1949 మేలో అవియు వద్దని నిర్ణయమైనది. ఆ నిర్ణయమునకు ముందు నిలిచినవారిలో రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడైన బెంగాలీ క్రైస్తవుడు హెచ్. సి. ముఖర్జీ గారు ఒకరు. సభలో దానిని సమర్థించి మాటలాడినవారిలో మద్రాసునుండి వచ్చిన ఫాదర్ జెరోమ్ డిసౌజా గారు ఒకరు. "ఎవరో లాగివేసిరి" అని చెప్పుట ఈ కారణమున సరికాదు. మన పెద్దలే చేతులు విప్పి విడిచిరి. వారు చేసినది మంచిదా కాదా అనునది వేరు ప్రశ్న. అయితే వారు విడిచిన స్థానములలో హైదరాబాదుకు సంబంధించినది ఒకటియు లేదు. ఆ రాజ్యాంగ సభలో హైదరాబాదు సంస్థానమునుండి సభ్యులే లేరు. మెదక్ సంఘము ఆ చర్చలో మాటలాడలేదు, మౌనముగా ఒప్పుకొనను లేదు. అక్కడ అది లేదు.

నిజాము రాజ్యములో ఉండినది

హైదరాబాదులో శాసన మండలి అనునది 1893లోనే పుట్టినది. అయితే అది అధికారుల సభ. జాగీర్దారులు, హైకోర్టు వకీళ్ళు పంపిన కొలదిమంది తప్ప ప్రజలతో దానికి సంబంధము లేదు. 1937లో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగారు అధ్యక్షతన ఒక సంస్కరణల సంఘము నియమింపబడెను. దాని నివేదికను ఆధారము చేసికొని 1939 జూలైలో ప్రకటించిన ప్రణాళిక ప్రకారము 85 మంది సభ్యులు. అందులో 42 మంది మాత్రమే ఎన్నిక. ఆ ఎన్నిక కూడ ఊరివారీగా కాదు, వృత్తివారీగా: జాగీర్దారులు, వ్యవసాయదారులు, వర్తకులు, వకీళ్ళు, వైద్యులు, పట్టభద్రులు ఇట్లు. ఎన్నికైనవారిలో హిందువులు సగము, ముస్లిములు సగము ఉండవలెనను నియమము. రాజ్య జనాభాలో ముస్లిములు ఎనిమిదింట ఒక వంతు లోపే యని గుర్తించినయెడల ఆ నియమము భావము బోధపడును. యుద్ధము వచ్చి ఆ ప్రణాళిక వాయిదా పడెను. 1946లో దానిని సవరించి ఎన్నికలు పెట్టినప్పుడు స్టేట్ కాంగ్రెసు బహిష్కరించినది. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించిన తరువాత ఆ ఏర్పాటంతయు గతించినది.

ఆ ప్రణాళికలో పేర్కొనబడిన వృత్తులలో మన సంఘస్థుని వృత్తి ఏది? 1890ల చివర ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మెదక్ చేరిన నాటినుండి వెస్లియను మిషను సంఘములలోనికి వచ్చినవారు అధికముగా మాలవాడ, మాదిగవాడ కుటుంబములవారు. వారు పాలేరులు, జీతగాండ్రు, చెప్పులు కుట్టువారు, మగ్గముమీద నేయువారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయపు రాళ్ళు మోసినవారు. పటేలు, పట్వారీ పిలిచినప్పుడు వెట్టికి పోవలసినవారు. జాగీర్దారుకు, వకీలుకు స్థానమున్న సభలో వెట్టివానికి స్థానము లేదు.

1949 నవంబరు 23న నిజాము ఒక ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగమును అంగీకరించెను. 1950 జనవరినుండి ఎం. కె. వెల్లోడి అను ఐ.సి.యస్. అధికారి ముఖ్యమంత్రిగా పరిపాలించెను. ఆయన ఎవరిచేతను ఎన్నుకొనబడలేదు. ఆ స్థితిలో సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి.

1952 ఎన్నిక జరిగిన విధము

హైదరాబాదు రాష్ట్రము ఆనాడు 16 జిల్లాలు: ఎనిమిది తెలంగాణ జిల్లాలు, ఐదు మరాఠ్వాడా జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. 1951 జనాభా లెక్కలలో సుమారు 1 కోటి 86 లక్షల జనము. శాసనసభలో 175 స్థానములు. వీటిని 142 నియోజకవర్గములుగా విభజించిరి. 109 ఏకసభ్య నియోజకవర్గములు, 33 ద్విసభ్య నియోజకవర్గములు. ఈ ద్విసభ్య పద్ధతి నేటి విద్యార్థులకు తెలియదు గనుక కొంచెము వివరించుట అవసరము.

ద్విసభ్య నియోజకవర్గములో రెండు స్థానములు: ఒకటి సాధారణము, మరియొకటి షెడ్యూల్డు కులములకు లేదా తెగలకు రిజర్వు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండును ఒకే అభ్యర్థికి వేయరాదు. కనుక దొర కూడ తన రెండవ ఓటును ఉపయోగించినచో మరియొకరికి వేయవలెను. మాలవాడవాడును సాధారణ స్థానపు అభ్యర్థికి ఓటు వేయును. ప్రత్యేక నియోజకవర్గమునకు ఇది పూర్తిగా విరుద్ధమైన ఆలోచన. 1932 సెప్టెంబరులో పూనాలో గాంధీగారికిని అంబేద్కరుగారికిని మధ్య కుదిరిన ఒప్పందము వలన వచ్చిన దారి ఇది. కాకపోతే ఆ ఒప్పందములోని ప్రాథమిక ఎన్నిక ఇందులో లేదు. రిజర్వు స్థానపు అభ్యర్థికి అత్యధిక ఓట్లు వచ్చినచో సాధారణ స్థానము కూడ ఆ వర్గమువారికే దక్కవచ్చును. 1957లో పార్వతీపురము లోక్‌సభ ఎన్నికలో అట్లే జరిగి రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే పోయి వి. వి. గిరి గారు ఓడిపోయిరి. ఆయన సుప్రీము కోర్టువరకు వెళ్ళినను 1959లో తీర్పు ఆయనకు అనుకూలముగా రాలేదు. తరువాత 1961లో చట్టము చేసి ఈ ద్విసభ్య నియోజకవర్గములను తీసివేసిరి.

21 సంవత్సరములు నిండిన ప్రతివారికి ఓటు. దేశమంతట సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు నమోదైరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారికి వచ్చిన చిక్కులలో ఒకటి మన సంఘ రిజిష్టర్లు వ్రాయువారికి కూడ తెలిసినదే: అనేక స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అని మాత్రమే వ్రాయించుకొనిరి. అట్టివి సుమారు 28 లక్షల పేర్లు, ముఖ్యముగా ఉత్తర రాష్ట్రములలో, జాబితాలనుండి తీసివేయవలసివచ్చినది. మన పాత బాప్తిస్మపు రిజిష్టర్లలో తల్లి పేరు వ్రాయు గడి ఉండుట ఎంత పెద్ద సంగతియో ఇక్కడ తెలియును.

ఓటు వేయు పద్ధతి కూడ వేరు. కాగితముమీద గుర్తు వేయుట లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా. డబ్బామీద అతని గుర్తు. కాంగ్రెసుది కాడి కట్టిన ఎడ్ల జత. ఓటరు తెరచాటునకు వెళ్ళి తనకిష్టమైన డబ్బాలో కాగితము వేయవలెను. మా తాతగారు అక్షరము రానివారు, జీతగాడు. వారి ఊరు ద్విసభ్య నియోజకవర్గములో ఉండెను. పటేలు పోలింగు గది గుమ్మము బయటవరకు తోడు వచ్చి ఎడ్లు, ఎడ్లు అని చెప్పెననియు, లోపల మాత్రము తాను తప్ప మరి ఎవరును లేకుండిరనియు, జీవితములో దొర కన్ను పడని గదిలో నిలువబడుట తనకు అదే మొదటిసారి అనియు తాతగారు మా చిన్నతనములో పలుమార్లు చెప్పెడివారు.

ఫలితములు ఇట్లున్నవి. కాంగ్రెసు 93, ప్రజాస్వామ్య ఫ్రంటు (పి.డి.ఎఫ్.) 42, సోషలిస్టులు 11, రైతు కూలీ పార్టీ 10, షెడ్యూల్డు కులముల ఫెడరేషను 5, స్వతంత్రులు 14. ఆధిక్యమునకు కావలసిన 88 కంటె కాంగ్రెసుకు వచ్చినవి 5 మాత్రమే ఎక్కువ. కమ్యూనిస్టు పార్టీపై నిషేధము ఉన్నందున వారు పి.డి.ఎఫ్. పేరున నిలిచిరి, సాయుధ పోరాటమును 1951 అక్టోబరులో విరమించి, కొలది నెలలలోనే ఓటు అడుగుటకు వచ్చిరి. నల్లగొండ లోక్‌సభ స్థానములో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూగారికంటె అధికముగా ఓట్లు వచ్చిన సంగతి అందరికి తెలిసినదే. మెదక్ లోక్‌సభ స్థానమును కూడ పి.డి.ఎఫ్. గెలిచినది, అభ్యర్థి సరోజినీ నాయుడు గారి కుమారుడు డాక్టరు ఎన్. ఎం. జయసూర్య గారు. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి గారితో కలిసి ఫెడరేషను అభ్యర్థి ఎం. ఆర్. కృష్ణ గారు లోక్‌సభకు వెళ్ళిరి.

1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రియైరి. కాశీనాథరావు వైద్య గారు స్పీకరు. ప్రతిపక్ష నాయకుడు వి. డి. దేశ్‌పాండే గారు; మరాఠీవారైనను వరంగల్లు ప్రాంతపు ఇప్పగూడెమునుండి గెలిచినవారు. స్త్రీలలో ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవి గారు, శాలిబండనుండి మాసూమా బేగం గారు, బాన్సువాడనుండి సంగం లక్ష్మీబాయి గారు సభలో కూర్చుండిరి. పబ్లిక్ గార్డెన్స్‌లోని టౌన్‌హాలు భవనములో సమావేశములు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషు, ఎవరికి వచ్చిన భాషలో వారు మాటలాడిరి. జాగీర్దారుల వారసులును, జైలునుండి వచ్చినవారును, నిన్నటివరకు దొర గడప తొక్కలేని కులములవారును ఒకే వరుసలో బల్లలమీద కూర్చుండుట సామాన్యమైన మార్పు కాదు.

మన ద్వారము ఎక్కడ మూయబడినది

ఈ 175 మంది జాబితా ముందు పెట్టుకొని వీరిలో క్రైస్తవులెవరు అని వెదకువారు కలరు. మేమును వెదకితిమి. ఇది ఫలములేని పని అని త్వరలోనే గ్రహించితిమి. ఎన్నికల కమిషను ప్రకటించిన పట్టికలలో పేరు, పార్టీ, ఓట్లు ఉండును గాని మతము ఉండదు. మద్రాసు పట్టికలో స్థానము పేరే భారతీయ క్రైస్తవ నియోజకవర్గము. ఇక్కడ అట్టిది లేదు. మెదక్ ప్రాంతములో ఎల్లయ్య, పోచయ్య, మల్లమ్మ అను పేర్లతోనే బాప్తిస్మము పొంది ఆ పేర్లతోనే సమాధి చేయబడినవారు అనేకులు. పేరు చూచి విశ్వాసమును చెప్పలేము.

అసలు ప్రశ్న వేరు. 33 ద్విసభ్య నియోజకవర్గములలోని రిజర్వు స్థానములకు ఎవరు నిలువవచ్చును? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులముల ఉత్తర్వును ప్రకటించెను. హైదరాబాదు రాష్ట్రపు కులముల జాబితా అందులో కలదు. మాల, మాదిగ అందులో ఉన్నవి. అయితే ఆ ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము హిందూ మతము కాక వేరు మతమును అవలంబించువాడు షెడ్యూల్డు కులమువాడుగా ఎంచబడడు. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ నియమము సడలించిరి. క్రైస్తవులకు, ముస్లిములకు సడలింపలేదు.

దీని ఫలితమును ఒక్క ఇంటిలో చూపవచ్చును. ఇద్దరు అన్నదమ్ములు. ఒకే వాడ, ఒకే పూరిల్లు, ఒకే దొరయొద్ద జీతము. పెద్దవాడు బాప్తిస్మము పొందెను, చిన్నవాడు పొందలేదు. 1952లో ఇద్దరికిని రెండేసి ఓట్లు. కాని చిన్నవాడు రిజర్వు స్థానమునకు నిలువవచ్చును, పెద్దవాడు నిలువరాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము శాసనసభ అభ్యర్థి ధరావతు 250 రూపాయలు. షెడ్యూల్డు కులమువానికి 125. పెద్దవాడు నిలువగోరినయెడల సాధారణ స్థానమునకు, పూర్తి ధరావతు కట్టి, దేశ్‌ముఖు కుమారునితో పోటీకి నిలువవలెను. బాప్తిస్మము అతనిని దొరతో సమానుని చేసినదని చట్టము భావించినది. వాడలో మాత్రము ఎవరును అట్లు భావించలేదు.

1949లో మన నాయకులు రిజర్వు స్థానములను విడిచినప్పుడు వారి మనస్సులో ఉన్నది మతము పేరిట స్థానము. మరుసటి సంవత్సరమే కులము పేరిట స్థానము కూడ మతము కారణముగా పోవునని వారిలో ఎందరు తలంచిరో! ముఖర్జీ గారు బెంగాలీ భద్రలోకులు. డిసౌజా గారు మంగళూరు కతోలికులు. వారి త్యాగము నిజమైనదే. అయితే ఆ త్యాగపు భారము వారి తలుపువద్ద కాక మన మాలవాడ, మాదిగవాడ తలుపులవద్ద దింపబడినది. ఈ మాట కఠినముగా తోచవచ్చును గాని వ్రాయక తప్పదు.

ఈ విషయమై అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును మరల చదువుట మేలు. అన్నవితరణలో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టినప్పుడు సంఘమంతయు కలిసి ఏడుగురిని ఎన్నుకొనెను. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. ఎన్నుకొన్నది అందరు, ఎన్నుకొనబడినవారు ఫిర్యాదు చేసిన పక్షమువారివలె కనబడుచున్నారు. ప్రత్యేక నియోజకవర్గమునకును, ఏ ఏర్పాటును లేని ఉమ్మడి ఎన్నికకును మధ్యనున్న మార్గమిది. 1952 ద్విసభ్య పద్ధతికి ఇది దగ్గర. అజరయ్య గారి భయమును, పన్నీర్‌సెల్వము గారి భయమును రెంటిని తీర్చగల పద్ధతి మన యెదుటనే ఉండినది. మన పెద్దన్నకు మాత్రము అందులో ప్రవేశము లేకపోయెను.

ఈ పేరా మన సంఘ రిజిష్టర్లలోనికి కూడ వచ్చినది. ఇంటిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఆదివారము దేవాలయములో ఉండు కుటుంబము ధ్రువపత్రములో వేరుగా ఉండును. బాప్తిస్మము ఇచ్చుటకు ముందు, పేరు పుస్తకములో వ్రాయవలదని బ్రతిమాలిన యౌవనస్థులను మేము ఎరుగుదుము. వారిని అబద్ధికులని గద్దించుట సులభము. ఆ అబద్ధమును వారికి కట్టిపెట్టిన చట్టము వయస్సు 75 సంవత్సరములు దాటినదని గద్దించువారు జ్ఞాపకముంచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణములోను షెడ్యూల్డు కులములనుండి వచ్చిన క్రైస్తవులను బి.సి.-సి వర్గముగా ఎంచుచున్నారు. అది చదువులకు, ఉద్యోగములకు కొంత మేలు. అయితే శాసనసభలో బి.సి.లకు రిజర్వు స్థానములు లేవు గనుక మన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆంగ్లో-ఇండియను నామినేషనును క్రైస్తవ స్థానముగా పొరబడువారును కలరు. అది ఒక జాతికి ఇచ్చినది, విశ్వాసమునకు కాదు. అదియు 2020 జనవరితో ముగిసినది.

సభ అంత్యకాలము

భూమి విషయములో ఆ సభ చేసినదానిని తక్కువచేయరాదు. 1950 నాటి కౌలుదారీ చట్టమును 1954లో సవరించి రక్షిత కౌలుదారులకు భూమిపై హక్కు బలపరచిరి. కాని కౌలు ఉన్నవానికే ఆ చట్టము, జీతగానికి కాదు. మన సంఘస్థులలో అధికులు జీతగాండ్రు.

1955 సెప్టెంబరు చివర ఫజల్ అలీ కమిషను నివేదిక వచ్చినది. తెలంగాణ జిల్లాలను హైదరాబాదు రాష్ట్రముగానే ఉంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యముతో కోరినయెడల ఆంధ్రతో కలుపవచ్చునని సలహా ఇచ్చినది. నవంబరు చివరనుండి డిసెంబరు 3 వరకు సభ దీనిపై చర్చించెను. మాటలాడి అభిప్రాయము తెలిపిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రకు, 29 మంది ప్రత్యేక తెలంగాణకు, 15 మంది తటస్థులు. తెలంగాణ సభ్యులను మాత్రమే లెక్కించినచో 59 మంది విలీనమునకు అనుకూలురు, 25 మంది ప్రతికూలురు. తీర్మానముపై ఓటు మాత్రము జరుగలేదు. 1956 నవంబరు 1న రాష్ట్రము మూడు ముక్కలై, తెలంగాణ సభ్యులు కర్నూలునుండి వచ్చిన ఆంధ్ర సభ్యులతో కలిసి కూర్చుండిరి. 1957లో తెలంగాణలోని 105 స్థానములకే ఎన్నికలు జరిగినవి; 1955లో ఎన్నికైన ఆంధ్ర సభ్యులు 196 మంది 1962 వరకు కొనసాగిరి.

మెదక్ డయోసిస్ ఈ కాలమంతట బిషప్ ఫ్రాంక్ విట్టేకర్ గారి నాయకత్వములో ఉండెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పటినుండి మన సంఘములు బ్రిటిషు పరిపాలన జిల్లాల సంఘములతో ఒకే సంఘమైనవి. రాష్ట్రము కలియుటకు తొమ్మిదేండ్ల ముందే సంఘము కలిసినది. మద్రాసు క్రైస్తవ స్థానముల కథ గుంటూరు, కృష్ణానుండి మెదక్‌కు ప్రయాణించి మన కథగా మారుటకు ఈ కలయికయే దారియని మా అనుమానము. డెల్టానుండి వచ్చిన ఉపాధ్యాయులు, పాస్టర్లు తమ పెద్దలనుండి విన్నది ఇక్కడ చెప్పియుందురు. ఇక్కడివారు తమదిగా స్వీకరించియుందురు.

1985లో సూసై అను చెప్పులు కుట్టువాని వ్యాజ్యములో సుప్రీము కోర్టు మూడవ పేరాను కొట్టివేయలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ పేరాను తీసివేయవలెనని సిఫారసు చేసినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరియొక కమిషనును నియమించినది. ఆ కమిషను ముందు నిలుచు మన సంఘ పెద్దలు, మద్రాసులోని 8 స్థానములు పోయినవను మాట చెప్పినచో అది మెదక్ సాక్ష్యము కాదు. 1952లో ఆ ఇద్దరన్నదమ్ములు ఒకే రోజున ఒకే వరుసలో నిలిచి రెండేసి కాగితములు అందుకొన్న సంగతి చెప్పినచో అది మన సాక్ష్యము.

మా తాతగారు మొదటి కాగితమును ఎడ్ల డబ్బాలో వేసినట్లు చెప్పెడివారు. రెండవది ఏ డబ్బాలో వేసిరో ఎంత అడిగినను చెప్పలేదు.